శనిని చూడబోయిన అత్తాకోడళ్ళు

మా ఊళ్ళో టెలిగ్రాం వస్తే ముందు ఏడ్చేవాళ్ళు, తర్వాత చదివించుకునేవాళ్ళు. చావు కబురు తప్ప ఇంకో పని మీద టెలిగ్రాం వచ్చిన దాఖలా ఆ చుట్టుపక్కల లేదు మరి. అందుకని తొంభైల నడుమ ఒక ఏడాది, దసరా వెళ్ళిన కొద్దిరోజులకు, పోస్ట్‌మాన్ మా గుమ్మం ముందు సైకిల్ ఆపి "టెలిగ్రామొచ్చింది" అనగానే మా అత్తమ్మ చేతిలోని చాట కింద పడేసి శోకం అందుకుంది. పోయినవాళ్ళెవరో ఇంకా తెలియదు. పక్కింటావిడ పరుగున వచ్చి "మీ అన్ననా?" అని అడిగింది. "ఆయనే కావచ్చు, మొన్న కలల కనపడ్డడు" అని అత్తమ్మ ఆ అన్నగారి పేరు మీద ఏడవడం మొదలుపెట్టింది. ఆ అన్నగారు ఆ సమయానికి తల్లాడలో నిక్షేపంగా మిరపచేలో కలుపు తీయిస్తున్నాడని తర్వాత తెలిసింది.

మా పోస్ట్‌మాన్ పదో తరగతి ఇంగ్లీషు మీద నమ్మకమున్న మనిషి. కాగితం విప్పి, గొంతు సవరించుకుని, వీధి మొత్తానికీ వినపడేలా తెలుగు చేశాడు.

"శనికి టైమొచ్చింది. కోడలు తయారుగ ఉండాలె."

ఏడుపు టక్కున ఆగిపోయింది. చావు కబురైతే ఏం చేయాలో అందరికీ తెలుసు. ఈ కబురుకు ఏం చేయాలో ఎవరికీ తోచలేదు. అందరూ నా వైపు చూశారు. నేను పాపకు పాలు పడుతూ గడప మీద కూర్చుని, లోపల గంతులు వేస్తున్నాను. ఆ టెలిగ్రాం కోసం నెలల తరబడి ఎదురు చూసిన మనిషిని నేనొక్కదాన్నే.

సంగతేమిటంటే, నేను పుట్టింది ఖమ్మంలో. హైదరాబాదులో ఫిజిక్సు చదివి అక్కడే పీహెచ్‌డీలో చేరాను. శని గ్రహం వలయాలూ, దాని చుట్టూ తిరిగే మంచు ఉపగ్రహాలూ పరారుణ కాంతిలో ఎలా ఉంటాయన్నది నా పరిశోధన. పరారుణం అంటే ఎరుపుకు అవతల ఉండే వెలుగు, మన కంటికి ఆనదు. నిప్పులు కనపడకుండా పొయ్యి మీద బూడిద కప్పినా చేయి దగ్గర పెడితే సెగ తగులుతుంది చూడండి, ఆ సెగ కూడా ఆ జాతిదే. కన్ను చూడలేని ఆ వెలుగును పట్టే పరికరం ఉంటే, మంచు ఎక్కడుందో, ఎంత నిర్మలంగా ఉందో అంత దూరం నుంచీ చెప్పవచ్చు. నేను చేస్తున్నది అంతే. ఇది చెప్పడానికి మూడు వాక్యాలు చాలు, మా ఊరికి చెప్పడానికి మాత్రం నా జీవితం చాలలేదు.

నడుమ పెళ్ళయింది. కొత్తగూడెం దాటి మణుగూరు వెళ్ళే దారిలో, అడవి అంచున ఉన్న ఊరికి కోడలిగా వచ్చాను. పాప పుట్టింది. థీసిస్ అట్టపెట్టెలోకి, అట్టపెట్టె అటక మీదికి చేరాయి. ఇక మిగిలింది ఆఖరి పరిశీలనలు. శని వలయాలు మామూలు రోజుల్లో ధగధగలాడుతూ పక్కనున్న చిన్న ఉపగ్రహాలను కనపడనివ్వవు. పద్నాలుగు పదిహేనేళ్ళకొకసారి మాత్రం వాటి అంచు మన వైపు తిరుగుతుంది, ఆ మెరుపు అణుగుతుంది. ఆ ఏడాది కార్తీకం సరిగ్గా అలాంటి కాలం. అది చేజారితే మళ్ళీ ఆ అదను వచ్చేసరికి మా పాప పదో తరగతి పరీక్షలు రాస్తుంటుంది, మా గైడు గారు రిటైరై మనవళ్ళను ఆడిస్తుంటారు, నా పీహెచ్‌డీ సంగతి అటకకే తెలియాలి. పడమట ఎడారి అంచున ఒక కొండ మీదున్న దుర్భిణి దగ్గర మాకు మూడు సాయంత్రాలు దొరికాయని గైడు గారు పొదుపుగా ఇచ్చిన టెలిగ్రామే మా పోస్ట్‌మాన్ నోట్లో పడి ఆ రూపం దాల్చింది.

మా అత్తమ్మకు అప్పటిదాకా నా చదువంటే గర్వమే. "మా కోడలు చందమామ మీద సదువుతాంది" అని బాయికాడ చెప్పుకునేది. చంద్రుడు కాదత్తమ్మా అని నేను చెప్పకపోలేదు. కానీ ఆమె లెక్కలో ఆకాశంలో చదవదగ్గవాడు చంద్రుడొక్కడే. ఇప్పుడు జనమంతా వెళ్ళిపోయాక నా ఎదురుగా వచ్చి కూర్చుంది.

"శనా?"

"అవ్ అత్తమ్మా. శని గ్రహం."

"ఆకాశం నిండ గన్ని చుక్కలుంటే నీకు శనే దొరికిండా?"

"మంచి పేరున్నవన్నీ ముందే వేరేవాళ్ళు తీసుకున్నరు" అన్నాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, అది వచ్చినప్పుడు ఇలాంటి మాటలే వస్తాయి.

ఆమె నవ్వలేదు. "ఈ ఇంట్లకు వాడొకసారి వచ్చి పోయిండు. మల్ల రానియ్య" అని లేచి వెళ్ళిపోయింది.

ఆ మాట తేలిగ్గా తీసిపారేయదగ్గది కాదు. మా మామగారు అడవిలో కలప కాంట్రాక్టరు దగ్గర పనిచేసేవాడు. మా ఆయన ఇంకా బడికి కూడా పోని వయసులో, లారీ మీద నుంచి దుంగలు దొర్లి పడి ఆయన పోయాడు. నేను ఆయన ఫొటో కూడా చూడలేదు, ఫొటో లేదు. ఇంట్లో ఆ సంగతి ఎప్పుడు వచ్చినా ఒకటే మాట: "ఏలినాటి శని నడుస్తుండె. శని మింగిండు." అప్పటి నుంచి ప్రతి శనివారం అత్తమ్మ శివాలయంలో నవగ్రహాల దగ్గరికి వెళ్ళి శనికి నువ్వులనూనె పోసి, కాళ్ళు కడుక్కుని, వెనక్కి చూడకుండా ఇంటికి వచ్చేది. ఎండైనా వానైనా ఆ నియమం తప్పలేదు. వాడు వచ్చి ఇంటిమనిషిని తీసుకుపోయాడని నమ్మినావిడకు, కోడలు ఎదురెళ్ళి వాడి ముఖం చూస్తానంటే ఎలా ఉంటుంది! నాకు అర్థమైంది. అర్థమైనా నేను వెళ్ళడం మానను గదా.

శని వస్తువులని కొన్ని ఉంటాయి. ఉప్పు, నూనె, నువ్వులు, ఇనుము. వాటిని చేతిలో నుంచి చేతిలోకి అందుకోరు. ఇచ్చేవాళ్ళు కింద పెడితే పుచ్చుకునేవాళ్ళు తీసుకుంటారు, లేకపోతే ఇచ్చినవాళ్ళ శని కూడా దానితో పాటు వచ్చేస్తుందని. మర్నాటి నుంచి అత్తమ్మ ఈ నియమాన్ని విస్తరించింది. ముందు ఉప్పుడబ్బా నా చేతి నుంచి తీసుకోవడం మానేసింది. తర్వాత టీ గ్లాసు. తర్వాత చీపురు. వారం తిరిగేసరికి పాప వంతు వచ్చింది. నేను పాపను చాప మీద పడుకోబెట్టి రెండడుగులు వెనక్కి జరిగితే ఆమె వచ్చి ఎత్తుకునేది. పాపకు ఈ ఆట బాగా నచ్చింది. ఎవరైనా చేతులు చాపితే చాలు, తనంతట తానే చాప మీద వెల్లకిలా పడుకునేది.

మా ఆయనకు మణుగూరులో మోటార్లు చుట్టే దుకాణం ఉండేది. కాలిపోయిన మోటారు తెచ్చిస్తే రాగితీగ కొస నుంచి కొస దాకా చుట్టి మళ్ళీ తిరిగేలా చేస్తాడు. ఇంట్లో మాత్రం ఏ తీగ ఏ కొసకు కలపాలో ఆయనకు ఎన్నడూ తెలియలేదు.

"అమ్మ చెప్పింది గూడ నిజమే" అనేవాడు నాతో. "నువ్వు చెప్పింది గూడ నిజమే."

"రెండూ ఎట్ల నిజమైతయి?"

"గిది గూడ నిజమే" అనేవాడు.

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఆయన ఇబ్బంది ఆయనది. కానీ ఇందులో కప్ప ఎవరు, పాము ఎవరు అని నేను అడిగినందుకు ఆ పూట దుకాణంలోనే అన్నం తిన్నాడు.

ఈలోగా ఊరు తన పని తాను చేసుకుపోయింది. నేను శనిని చూడకూడదని మా అత్తమ్మ అనుకుంటుంటే, నాకు శని బాగా తెలుసని ఊళ్ళోవాళ్ళు అనుకున్నారు. మొదట వచ్చింది ఒక మిరపరైతు. రెండు బోర్లు వేస్తే రెండింట్లోనూ నీళ్ళు పడలేదు. అరుగు మీద కూర్చుని తువ్వాలు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"అమ్మా, నీకు ఆయన తెలుసట గదా."

"తెలుసు గానీ తాతా, నువ్వు అనుకున్నట్ల కాదు. ఆ గ్రహానికి నీ బోరు సంగతి తెల్వదు."

"తెల్వకనే గదా తల్లీ" అన్నాడు ఆయన, ఎంతో ఓపికగా. "నువ్వు చెప్పాలె."

దీనికి జవాబు నా ఎమ్మెస్సీలో లేదు. సరే చెప్తాలే అన్నాను. అదే నేను చేసిన పొరపాటు. మర్నాడు ఆయన తమ్ముడు వచ్చాడు. తర్వాత ఒక లారీ డ్రైవరు, పాలు తగ్గిన బర్రె ఉన్నావిడ, ఇంటర్‌లో లెక్కలు తప్పిన కుర్రాడు, ఆ కుర్రాడికి లెక్కలు చెప్పిన సారు. అందరికీ ఏలినాటి శనే. ఒకే గ్రహం ఇంతమందిని పట్టుకుంటే దానికి తిరగడానికి తీరిక ఎక్కడిదని నాకే అనుమానం వచ్చింది.

నన్ను ఆపే ఉపాయం కోసం అత్తమ్మ శివాలయం పంతులు గారి దగ్గరికి వెళ్ళింది. నన్ను కూడా తీసుకుపోయింది, ఆయన నోటితో నా ముందే వద్దనిపించాలని. పంతులు గారు కళ్ళు మూసుకుని చాలాసేపు ఆలోచించారు.

"చూడమ్మా" అన్నారు. "శనికి భయపడి దాక్కున్నవాళ్ళని ఆయన వెతుక్కుంటూ వస్తాడు. తనంతట తాను ఎదురువెళ్ళి నమస్కారం పెట్టినవాళ్ళని చూసి పక్కకు తప్పుకుంటాడు. వెళ్ళనివ్వు. మంచిదే."

జ్యోతిషం చెప్పేవాళ్ళ కాళ్ళకు దండం పెట్టాలని నా జీవితంలో అనిపించింది ఆ ఒక్కసారే. కానీ అత్తమ్మ ఇంటికి వచ్చే దారంతా ఏదో లెక్క వేసుకుంటూనే ఉంది. గుమ్మం దగ్గర ఆగి నన్ను పైనుంచి కింది దాకా చూసింది.

"నీకు మొక్కుడు రాదు."

"వస్తది అత్తమ్మా. మొక్కుతా."

"దీపావళి నాడు లచ్మీదేవి ముంగట గడియారం చూసుకుంట నిలబడ్డవ్, నేను చూడలేదా? నువ్వు వాని దగ్గరికి పోయి గట్లనే నిలబడ్తవ్. వానికి కోపమొస్తది. నేనొస్త. నేను మొక్కుత. నువ్వు చూసుకో."

రామేశ్వరం వెళ్ళినా శనేశ్వరం తప్పదని పెద్దలు అంటారు. మేము శనేశ్వరం కోసమే బయల్దేరాం, వెంట అత్తగారు తప్పలేదు.

ఈ వార్త ఊళ్ళో పాకాక అసలు కథ మొదలైంది. ఇంతకాలం రాతి శని మీద పోసిన నూనె అసలు శని దాకా చేరిందో లేదో ఎవరికి తెలుసు? ఇప్పుడు నేరుగా చేర్చే మనుషులు దొరికారు. ప్రతి ఇంటి నుంచీ ఒక పొట్లం. నల్ల నువ్వులు, నల్లగుడ్డ ముక్కలు, గుర్రపు నాడాలు, మేకులు. నూనె సీసాలు ఎక్కువైతే అన్నీ కలిపి ఒక పెద్ద డబ్బాలో పోశారు. ఎవరూ ఏదీ చేతికివ్వలేదు. అన్నీ మా అరుగు మీద పెట్టి, దండం పెట్టి, వెనక్కి చూడకుండా పోయారు. నా థీసిస్ కాగితాలు, పాప గుడ్డలు ఒక చిన్న సంచిలో పట్టాయి. మిగిలిన సామానంతా శనిది.

భద్రాచలం రోడ్ స్టేషన్‌లో రైలెక్కాం. మా ఆయన కిటికీ దగ్గర నిలబడి "జాగ్రత్త" అన్నాడు. ఆ మాట ఎవరితో అన్నాడో ఎవరికీ చెప్పలేదు.

సికింద్రాబాదులో రైలు మారాలి. పోర్టరు ఈ సామాను ఏంటని అడిగి, అత్తమ్మ నిజం చెప్పేసరికి మూటలు అక్కడే దింపేసి పోయాడు. మేమే రెండు మూడు విడతలుగా మోశాం. అత్తమ్మ డబ్బాతో సహా పెట్టెలోకి ఎక్కింది. నేను పాపనెత్తుకుని ఆఖరి మూట కోసం వంగేసరికి రైలు కదిలింది. కింద పెట్టి రెండడుగులు జరగడానికి చాప లేదు, టైమూ లేదు. తలుపులో నిలబడ్డ అత్తమ్మ చేతుల్లోకి పాపను అందించి, మూట లోపలికి విసిరి, నేను ఎలాగో ఎక్కాను. ఆయాసం తీరాక చూస్తే ఆమె పాపను గుండెకు హత్తుకుని, తన చేతుల వంక చూసుకుంటోంది. చేతులు కడుక్కుందామని పంపు దగ్గరికి వెళ్ళింది. పంపులో నీళ్ళు లేవు. కాసేపు అక్కడే నిలబడి తిరిగి వచ్చి కూర్చుంది.

"గింత జోరుగ పోతుంటే వానికేం దొరుకుతం లే" అంది.

కొండ మీదికి చేరేసరికి మాకు ఒళ్ళు హూనమైంది. గైడు గారు మా కోసం ఎదురుచూస్తున్నారు. ఆయన చాలా నెమ్మదస్తుడు, ప్రతి పనికీ ముందు చేతులు తుడుచుకునే మనిషి. నాతో పాటు ఒక పెద్దావిడ, పసిపిల్ల, నాలుగు మూటలు దిగేసరికి బిత్తరపోయారు. గుమ్మటం లోపల పెద్ద దుర్భిణిని చూసి అత్తమ్మ మొదట అడిగిన ప్రశ్న ఒకటే.

"సారూ, నూనె యాడ పొయ్యాలె?"

గైడు గారికి ముందు అర్థం కాలేదు. నేను వివరించాక ఆయన ముఖం పాలిపోయింది. ఆ దుర్భిణి అద్దాన్ని వాళ్ళు కంటికి రెప్పలా చూసుకుంటారు, దుమ్ము రేణువు పడితే ఒక మీటింగు పెడతారు. ఆయన రెండు చేతులూ చాపి, అద్దానికీ అత్తమ్మకూ మధ్య నిలబడ్డారు. "అమ్మా, మీకు పుణ్యముంటుంది, ఆ డబ్బా బయట పెట్టండి" అన్నారు. పరికరాన్ని చల్లబరచడానికి ద్రవ నత్రజని పోస్తుంటే తెల్లటి పొగ లేచి నేల మీద పాకింది. అత్తమ్మ ఆ పొగను రెండు చేతులతో కళ్ళకద్దుకుని, "సాంబ్రాణి ఏస్తున్నరు గానీ, ఇంత సల్లగున్నదేంది?" అని ఆశ్చర్యపోయింది. నూనె డబ్బాను మూటలతో సహా బయట మెట్ల మీద పెట్టి, కొండ మీది ఆకాశం వైపు తిరిగి మొక్కింది. అలా మా ఊరి శనిదానాలు చేరవలసిన చోటికి చేరాయని ఆమె తృప్తి.

ఆ డబ్బానూ నువ్వుల పొట్లాలనూ అక్కడి వంటాయన చూశాడు. ఎడారి అంచున అంత కమ్మటి నువ్వులనూనె ఆయన ఎప్పుడూ ఎరగడట. ఎవరూ వద్దన్నవాళ్ళు లేరు. మర్నాడు మధ్యాహ్నం పళ్ళెం నిండా వేడివేడి పకోడీలు, పక్కన నువ్వులుండలు వచ్చాయి. అవి ఎక్కడివో నాకు తెలిసేసరికి గైడు గారు నాలుగో పకోడీలో ఉన్నారు. అత్తమ్మ గుడ్లప్పగించి చూస్తోంది. శనిదానం పుచ్చుకోవడానికే మనుషులు దొరకరు, మా గైడు గారు ఊరందరి ఏలినాటి శనినీ పచ్చిమిరపకాయ నంజుకుని తిన్నారు.

"చెప్పనా?" అన్నాను చెవిలో.

"ఒద్దు" అంది అత్తమ్మ. "తిన్నంక చెప్పి ఏం లాభం? పాపం, పెద్ద మనసుతోని తిన్నడు."

మేము చేరిన మొదటి సాయంత్రం పరికరం సర్దుకోవడంతోనే గడిచిపోయింది. ఈ రెండో సాయంత్రం పొద్దుగూకుతూనే మబ్బులు పట్టాయి. ఎడారి కొండ మీద, కార్తీకంలో, మబ్బులు! చివరి దాకా విడవలేదు. గైడు గారు గుమ్మటం తలుపులు మూయించి, కుర్చీలో కూలబడి, "ఇన్నేళ్ళలో ఈ రోజుల్లో మబ్బు చూడలేదు" అన్నారు. అత్తమ్మ నా వైపు చూసింది. నేను ఆమె వైపు చూడలేదు. చూస్తే నవ్వో ఏడుపో వచ్చేలా ఉంది. నిజానికి ఏడుపే. ఇక ఒక్క సాయంత్రం మిగిలింది. ఆ రాత్రి నేను అన్నం తినలేదు. నా పక్కన మంచం మీద నుంచి అత్తమ్మ గొంతు వచ్చింది.

"రేపు గూడ గిట్లనే ఉంటే?"

"అయిపోతది అత్తమ్మా. ఇగ ఉండదు."

"నీ సదువా?"

"అవ్."

ఆమె అటు తిరిగి పడుకుంది. మర్నాడు పొద్దున లేచి చూస్తే స్నానం చేసి, గుమ్మటం వైపు తిరిగి కళ్ళు మూసుకుని కూర్చుని ఉంది. మబ్బు కోసం మొక్కుతోందో, మబ్బు పోవాలని మొక్కుతోందో నేను అడగలేదు. నాకు ధైర్యం చాలలేదు.

మూడో సాయంత్రం ఆకాశం కడిగినట్టు ఉంది. చీకటి పడగానే మొదలుపెట్టాం. ఒక ప్రత్యేకమైన పరారుణ కాంతిలో చూస్తే శని గాలిలోని మీథేన్ ఆ వెలుగును మింగేస్తుంది. గ్రహం దాదాపు నల్లబడిపోయి, పక్కనున్న మంచు ఉపగ్రహాలు చుక్కల్లా తేలతాయి. తెర మీద మొదటి చిత్రం వచ్చినప్పుడు నేను కుర్చీలో నుంచి లేచి నిలబడ్డాను. అన్నేళ్ళు కాగితం మీద లెక్కలు వేసిన మంచు చుక్కలు వరుసలో ఉన్నాయి, ఒకటి, దాని పక్కన ఇంకొకటి. పాపను వంటాయన భార్యకు అప్పజెప్పి అత్తమ్మ అప్పుడే వచ్చి నా వెనక నిలబడింది.

"ఏడి వాడు?"

"గదిగో. నడిమిట్ల నల్లగ గుండ్రంగ ఉన్నది."

"నల్లగున్నడా?"

"ఈ వెలుగుల చూస్తే నల్లగనే కనపడ్తడు."

అత్తమ్మ గైడు గారి వైపు గెలిచినట్టు తిరిగింది. "నల్లగుడ్డ, నల్లనువ్వులు ఉత్తగనే ఇస్తున్నమా సారూ? మాకు మిషన్ లేకుండనే ఎరుక." గైడు గారు ఇన్నేళ్ళ పరిశోధనలో మొదటిసారి ఒక పరిశీలనకు ఇంత బలమైన సమర్థన దొరికిందని ఒప్పుకున్నారు.

నడుమ పరికరంలో నత్రజని మళ్ళీ నింపడానికి కాసేపు విరామం వచ్చింది. చూడవచ్చిన వాళ్ళ కోసం బయట ఒక చిన్న దుర్భిణి ఉంటుంది. దానిని శని వైపు తిప్పి అత్తమ్మను పిలిచాను. ఆమె కొంగు నెత్తి మీదికి లాక్కుని, ముందు మొక్కి, తర్వాత ఒక కన్ను గట్టిగా మూసుకుని చూసింది. చాలాసేపు చూసింది.

"గీ ఆవగింజంత పసుపుముద్దనా?"

"అదే."

"ఉంగరాలున్నయంటివి?"

"ఈ నెలల్ల పక్కవాటుకు తిరిగినయి. కాగితాన్ని అంచు దిక్కు నుంచి చూస్తే కనపడ్తదా? గట్ల. పక్కన సన్నగ గీత ఉన్నట్టు లేనట్టు ఉంటది చూడు."

"పక్కన చుక్క ఉన్నది. వాడెవడు?"

"వాని చుట్టూ తిరిగే చందమామ."

"వానికి గూడ చందమామనా!" ఆ సంగతి ఆమెకు కొంచెం నచ్చినట్టుంది. "ఎంత దూరముంటడు?"

"వెలుగు ఆడి నుంచి బయల్దేరితే ఇక్కడికి రానీకె గంట మీదనే పడ్తది. నువ్వు ఇప్పుడు చూస్తున్నది గంట కిందటి శనిని."

"మల్ల వాని సెగ ఇంత దూరమొస్తదా? నువ్వు పట్టేది అదే గదా?"

"వస్తది గానీ, లేనట్టే అత్తమ్మా. దాన్ని పట్టుకోనీకె గంత పెద్ద అద్దం, గా చల్లటి పొగ, ఇంతమంది మనుషులు. ఆ సెగకు దోమ గూడ చావదు."

ఆమె గొట్టం నుంచి కన్ను తీసి నా వైపు తిరిగింది. చీకట్లో ముఖం సరిగ్గా కనపడలేదు.

"దోమ గూడ చావదా?"

"చావదు."

కింద లోయలో ఎక్కడో బస్సు హారన్ మోగింది. ఆమెకు చలేస్తోందేమోనని నా శాలువా తీసి కప్పబోయాను. ఆమె నా చేయి పట్టుకుని ఆపింది.

"లారీకి గొలుసు ఇరిగిందని మీ మామ చెప్పిండు. ఒకసారి గాదు, దినాం చెప్పిండు. నాకు అన్నం తినుకుంట చెప్పేటోడు, గొలుసు లేకుండ దుంగలు ఎక్కిస్తున్నం, ఎప్పుడో మీద పడ్తయి అని. గా కాంట్రాక్టరు తెప్పియ్యలే. మీ మామ పీనుగ ఇంట్ల ఉండంగ గాడొచ్చి, మీ ఆయనకు శని బాగలేదమ్మా, ఎవరేం చేస్తరు అన్నడు. అవునయ్యా అన్న. మంచినీళ్ళిచ్చిన. కాళ్ళు మొక్కి పంపిన."

నాకు దుఃఖం ముంచుకొచ్చింది, ఆమె మాత్రం ఏడవలేదు.

"ఇన్నేండ్లు ఈన్ని తిట్టిన" అంది, ఆకాశం వైపు చేయి చూపించి. "ఈడు గంత దూరంల ఉన్నడు, పాపం. వానికి మేమెవ్వరమో గూడ తెల్వదు."

లోపల నుంచి గైడు గారు నన్ను కేకేశారు. నత్రజని నింపడం అయిపోయింది. ఆ సాయంత్రంలో ఇంకా కొంత మిగిలి ఉంది, శని పడమటికి దిగేలోగా పని ముగించాలి. ఆమెను అలా ఒంటరిగా వదిలి వెళ్ళడానికి నాకు కాళ్ళు రాలేదు. గైడు గారు మళ్ళీ పిలిచారు.

అత్తమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, వంగి, కంటిని మళ్ళీ గొట్టానికి ఆనించింది.

"పో బిడ్డా, నీ పని చేసుకో" అంది. "నేను జెరసేపు ఈన్ని చూస్త."